తొంభై వోల్టుల అన్న

సుంకన్న చనిపోయి మూడు నెలలైంది. బోరు దగ్గర కోసి వదిలేసిన వైరును అతని తమ్ముడు మద్దిలేటి ఇంకా ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. ఆ వైరు తగిలే సుంకన్న పోయినాడు. ఆ రోజే దాన్ని రెండు కొసలా కోసేసినారు గానీ, వైరు మాత్రం భూమిలోని పైపులోనే ఉండిపోయింది.

అది లాగేసి కొత్తది వేస్తే తప్ప మోటారు తిరగదు. మోటారు తిరక్కపోతే చేనుకు నీళ్ళు లేవు. రెండెకరాల చెనిక్కాయ పైరు అప్పటికే వాడుమొహం పట్టింది. మద్దిలేటి మాత్రం మొండికేసి కూర్చున్నాడు. వదిన ఈశ్వరమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని ఖాసిం పీరు తాత దగ్గరికి పోయి ఏడ్చింది.

ఖాసిం పీరు ఊరి బయట తకియాలో ఉండే ఫకీరు. అడిగినవాళ్ళకు దువా చేస్తాడు, తాయెత్తు కడతాడు, మిగిలిన పొద్దంతా కాలిపోయిన మోటార్లకు వైండింగు చేస్తాడు. మద్దిలేటి ఆయన దగ్గరే పనీ నేర్చుకున్నాడు, దేవుడి మాటా నేర్చుకున్నాడు. లెక్కలో మాత్రం గురువునే మించిపోయినాడు. వోల్టేజీ ఎంతో కరెంటు ఎంతో చెబితే చాలు, రెసిస్టెన్సూ వాట్లూ కాగితం ముట్టకుండా చెప్పేస్తాడు. ఆ సంగతి తనే నలుగురిలో చెప్పుకుంటాడు కూడా, దాచడమెందుకు.

తాత వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మోటారు గదిలో మద్దిలేటి ఒక్కడే ఉన్నాడు. గడ్డం మాసిపోయింది, కళ్ళు గుంటలు పడినాయి. వోల్టులు చూసే మీటరు పిన్ను ఒకటి వైరు కొసకు, ఇంకొకటి భూమిలో దిగేసిన ఇనుప కడ్డీకి పెట్టుకుని చూస్తున్నాడు. తాతను చూసి లేవలేదు, మీటరు ఇటు తిప్పినాడు. తొంభై.

ఏ స్తంభానికీ, ఏ ఫ్యూజుకూ తగలని వైరది. చేలకు కరెంటు వదిలే వేళకు తొంభై వోల్టులు వచ్చి కూర్చుంటాయి, కరెంటు తీసేయగానే వెళ్ళిపోతాయి. సుంకన్న పోయిందీ కరెంటు వదిలిన ఘడియలోనే. అదే పైపులో పక్క చేనివాళ్ళ వైరు పోతోందని, దాని కరెంటు నీడే దీనిమీద పడుతోందని మద్దిలేటికి తెలియక కాదు. అయినా మీటరు మీదికి వంగి మెల్లగా పిలిచినాడు.

"అన్నా."

తొంభై ఒకటి అయింది.

తాత వేళ్ళు తస్బీ పూసల మీద ఆగిపోవడం మద్దిలేటి చూసినాడు.

తాత సంచిలోంచి అరవై వాట్ల బల్బు, రెండు వైర్లు వేలాడే హోల్డరు తీసినాడు. ఈ బల్బు రెసిస్టెన్సు ఎంత అని అడిగినాడు. రెండొందల ముప్పై వోల్టుల మీద పావు ఆంపియరుకు కొంచెం పైన లాగుతుంది కాబట్టి ఎనిమిదొందల ఎనభై ఓములు చిల్లర అని మద్దిలేటి చెప్పినాడు. తొంభై వోల్టులే ఇస్తే ఎంత అని తాత మళ్ళీ అడిగినాడు.

"పదో వంతు ఆంపియరు తాతా. తొమ్మిది వాట్లు."

తొమ్మిది వాట్లంటే బల్బులో తీగ ఎర్రబడుతుంది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు తనకు. ఆ ఎరుపు చూస్తే అన్నను చూసినట్టే అనుకున్నాడు.

తాత తలుపు మూసినాడు. పట్టపగలే గది చీకటైంది. మీటరు అంకెలు మాత్రమే పచ్చగా కనబడుతున్నాయి. తాత బల్బు వైర్లు రెండూ మీటరు పిన్నులున్న చోటే తగిలించినాడు.

బల్బు వెలగలేదు. మీటరు సున్నా చూపించింది.

తాత బల్బు వైరు తీసినాడు. తొంభై. మళ్ళీ తగిలించినాడు. సున్నా. తీసినాడు, తొంభై. మూడోసారికి మద్దిలేటి ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపు తాతా. భయమేస్తాంది."

లెక్క ఎక్కడా తప్పలేదని గొణిగినాడు. బల్బు లెక్క తప్పలేదులే, ఇప్పుడు మీటరు లెక్క కట్టమన్నాడు తాత. మీటరు లోపలి రెసిస్టెన్సు కోటి ఓములు. తొంభైని కోటితో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ తొంభైతో గుణించి చూసుకున్నాడు మద్దిలేటి. తొంభై అని చూపించడానికి మీటరుకు పట్టింది వాట్లో వెయ్యో వంతు కూడా కాదు. మూడు నెలలుగా తను కాపలా కాసింది దానికి.

తాత బల్బును సంచిలో పెట్టుకున్నాడు.

"ఊరికే చూస్తాంటే ఉంటాది. పని చెబితే పారిపోతాది," అన్నాడు. "మీ అన్న ఎప్పుడన్నా పని చెబితే పారిపోయినాడా?"

మద్దిలేటికి అన్న పోయినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. తాత ఆపలేదు, పక్కనే కూర్చున్నాడు.

చాలాసేపటికి మద్దిలేటి లేచి తలుపు తీసినాడు. పక్క చేనాయన్ను ఫ్యూజులు పీకమని కేకేసినాడు. మీటరు వైపు చూడకుండా, వైరు కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టినాడు.