పొన్నదిబ్బ అరకథమ్మ వెలసిన కథ

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, బస్సు దిగి పడవెక్కితే పొన్నదిబ్బ వస్తుంది. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి, ఆ అడవి అంచున అరకథమ్మ గుడి. అమ్మవారిది కొయ్య విగ్రహం. మడలో పెరిగే ఉప్పుపొన్న చెట్టు వేళ్లలాగే ఆమెకు నడుము కింద అనేక కాళ్లు. పాదాల దగ్గర పిడి లేని గొడ్డలి ఒకటి ఉంటుంది. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. గుప్పిట్లో అక్షతలు పెట్టి, మునక్కాడలాంటి పొన్నకాయ చేతికిచ్చి, కథ వినమంటారు. ఆ కథ సగంలో ఆపేస్తారు. ఎందుకు ఆపేశారని అడిగే యాత్రికుల కోసం ఈ చిన్న పుస్తకం వేయించాం.

ముందే ఒక మాట. ఈ కథ ఏ పురాణంలోనూ లేదు. ఉందని బొంకే ఉద్దేశం మాకు లేదు.

పూర్వం ఇక్కడ సైకం నాంచారమ్మ అనే ఆవిడ చేపలు ఎండబెట్టుకుని బతికేది. శ్రావణ శుక్రవారాల్లో ఆడవాళ్లకు వ్రతకథ చెప్పేది కూడా ఆవిడే. అప్పట్లో ఊరిపెద్ద వీరరాఘవులు ఆవిడకు స్వయానా బావగారు. ఆయన మడ అడవిని ఇటుకబట్టీల వాళ్లకు కట్టెల కోసం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ మాట నాంచారమ్మ చెవిన పడింది. సముద్రం ఏటేటా ఒడ్డు కోసుకుంటూ లోపలికొస్తోంది. ఆవిడ కాపురానికొచ్చిన ఇల్లు అప్పటికే నీళ్లపాలైంది. మడ పోతే ఊరే పోతుందని గడపగడపకూ తిరిగి చెప్పింది. అందరూ తలూపి ఎవరి పనికి వాళ్లు పోయారు.

గొడ్డళ్లు వచ్చిన రోజు శుక్రవారమే అయింది. ఆడవాళ్లు ఉపవాసంతో, గుప్పిట్లో అక్షతలతో కూర్చున్నారు. కథ పూర్తయితే గాని అక్షతలు తల మీద వేసుకోరాదు, వేసుకుంటే గాని ఎంగిలిపడరాదు. నాంచారమ్మ ఎప్పుడూ చెప్పే కథ పక్కనపెట్టి, అప్పటికప్పుడు ఒకటి అల్లింది.

ఒక తల్లి బురదలో అనేక కాళ్లతో నిలబడి, ఊరి మీదికొచ్చే సముద్రాన్ని ఆపుతోందట. ఆమె బిడ్డలే పొయ్యిలోకని ఒక్కో కాలూ నరుక్కుపోతున్నారట. చివరికి ఒంటికాలు మిగిలిందట. సముద్రం వచ్చి గడప మీద అడుగు పెట్టిందట. అక్కడ నాంచారమ్మ నోరు మూసుకుంది.

"తరవాతేమయిందే?" అని అడిగింది వీరరాఘవులు భార్య అంకమ్మ.

"నాకేం తెలుసక్కా. మిగతాది మడలో జరుగుద్ది. ఎల్లి సూద్దాం రండి."

ముగింపు వినకుండా ఇంటికి పోతే వ్రతభంగం. అందరూ గుప్పిళ్లు బిగించుకుని ఆవిడ వెంట నడిచారు. మోకాలి లోతు బురదలో, గొడ్డళ్లకూ చెట్లకూ మధ్య నిలబడ్డారు. ఎండ నడినెత్తికొచ్చేసరికి వీరరాఘవులు ఒగరుస్తూ వచ్చాడు.

"కట్టుకథ సెప్పి ఆడోళ్ల కడుపులు మాడుస్తావా నాంచారమ్మా?"

బావగారి ముందు ఏనాడూ నోరెత్తని మనిషి. అయినా తలెత్తింది.

"కట్టుకథే బావగోరూ. నేనే అల్లా. నిజం సెప్పినప్పుడు మీలో ఒక్కరన్నా కదిలారా?"

"సరే, ఆ ముగింపేదో సెప్పేసి ఇళ్లకి పంపు."

"ముగింపు నా సేతుల్లో లేదు. గొడ్డళ్లు మీ మనుషుల సేతుల్లో ఉన్నాయి. మీరే సెప్పండి."

ఆయన భార్య వైపు చూశాడు. అంకమ్మకు ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి. గుప్పిట మాత్రం విప్పలేదు. "కథ తేలందే నేను ఇంటికి రాను," అంది. చివరికి వీరరాఘవులు పక్కనున్న కూలివాడి చేతిలో గొడ్డలి లాక్కుని, పిడి ఊడబెరికి బురదలో పారేశాడు. గుడిలో ఉన్న గొడ్డలి అదే.

అప్పుడు కూడా నాంచారమ్మ కథ పూర్తి చేయలేదు. ఆ పొద్దున కూలీలు నరికేసిన చోటల్లా, మొలవడానికి పొన్నకాయలు బురదలో గుచ్చించింది. అక్షతల్లో సగం తల మీద వేయించి, ఎంగిలిపడనిచ్చింది. మిగతా సగం కొంగున ముడి వేయించి, "ఇయ్యి ఈ కాయ సెట్టయ్యాక ఏసుకోండి," అంది. అవి చెట్లయ్యేటప్పటికి ఆవిడ లేదు. తర్వాత వచ్చిన ఉప్పెనలో నీళ్లు గుమ్మాల దాకా వచ్చి వెనక్కి పోయాయి. ప్రాణాలతో మిగిలిన జనం ఆవిడ కథలోని తల్లికి గుడి కట్టుకున్నారు.

లేని దేవతకు గుడేమిటని అడిగిన పండితులున్నారు. ఉన్న సముద్రాన్ని ఆపింది ఆ లేని దేవతేనని మా జవాబు.

నేడు ఎండలు ముదిరాయి, సముద్రం ఇంకా పైకొస్తోంది. భూమి వేడెక్కుతోందని చదువుకున్నవారు లెక్కలతో సహా చెబుతున్నారు. నిజమే చెబుతున్నారు. నాంచారమ్మ కూడా మొదట నిజమే చెప్పింది. ఊరు ఖాళీ చేసి పొమ్మని మాకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. మేం పోలేదు, పోము.

మడ లేని ఊళ్ల వారు కూడా ఈ తల్లి దర్శనానికి రావచ్చు. మీ ఊళ్లో ఏ కాలు నరుకుతున్నారో మీకే తెలుసు. సగం అక్షతలు మీ వెంట పంపుతాం. అక్కడ ఈ కథ చెప్పి, ఆ గొడ్డలిని ఆపాకే వాటిని తల మీద వేసుకోండి. కోరిన కోర్కెలు తీరతాయని మేం మాట ఇవ్వం. నాటిన వారి పిల్లలకు నిలబడేందుకు నేల మిగులుతుంది, ఇక్కడి ఫలం అదే.

కథ అబద్ధమైనా మొక్క అబద్ధం కాకూడదు. కాయ మీ చేతిలోనే ఉంది. పోటు రాకముందే లేచి, నాటండి.