ఊకొట్టమ్మ వెలసిన కనుమ

ఎర్రగట్టు కనుమలో బస్సు దిగిన భక్తులకు ముందు కనిపించేది చీకటి గుహ. లోపల విగ్రహం లేదు, దీపం వెలిగించే ఆచారమూ లేదు. మొదటిసారి వచ్చినవారికి గుండె జారడం సహజం. భయపడవద్దని మేము చెప్పము; ఈ అమ్మవారు వెలసిందే భయంలో.

పూర్వం ఇక్కడ మనిషి రక్తం మరిగిన పులి ఒకటి దారి కాచేది. కరువుకు ఊరు విడిచిన సిద్ధన్న ఆలుబిడ్డలతో ఈ కనుమ ఎక్కాడు. భార్య గురవమ్మ చంకలో పసివాడు, సిద్ధన్న నెత్తిన విత్తనాల మూట. కూతురు నాంచారికి కాలు వాచి అడుగు పడలేదు. ఆమెను ఎత్తుకోవడానికి సిద్ధన్న మూట దించలేదు. "ఈడనే కూచో, నీళ్లు తెస్తాం" అని గుహ ముందు కూర్చోబెట్టి బయలుదేరాడు.

పులి వాత పడి చనిపోయినవారు దయ్యాలై, అయినవారి గొంతుతో వెనక నుంచి పిలుస్తారని ఆనాటి నమ్మకం. "అమ్మా" అన్న కేకకు గురవమ్మ ఆగింది.

"అది మన పిల్ల గొంతు కాదే. తిరగబాక, నడువు" అన్నాడు సిద్ధన్న. ఆమె నడిచింది.

పొద్దు వాలింది. ఎండుటాకులు అలికిడి చేయగా నాంచారి గుహలోకి పాకి "అమ్మా" అన్నది. వెనక చీకట్లోంచి "ఊఁ" అని వినిపించింది. అది దేవతో దయ్యమో పిల్లకు తెలియదు. అయినా పలికేవారు లేకపోవడం అంతకంటే భయం కనుక పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ "ఊఁ" వచ్చింది. మరునాడు గొర్రెల కాపరి చూసేసరికి పులి అడుగులు గుహ వాకిలి దాకా వచ్చి వెనుదిరిగి ఉన్నాయి.

కాపరి ఇంటనే నాంచారి పెరిగింది. తన కేక అమ్మకు వినబడలేదేమోనని సర్దిచెప్పుకునేది. వినబడే వెళ్లిపోయిందేమోనన్న బెదురు మాత్రం ఆమెను వదలలేదు.

ఏళ్ల తర్వాత తల నెరిసిన గురవమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "నీ గొంతేనని తెలుసు తల్లీ. పులికి భయపడి తెలవనట్టు నడిచినా" అన్నది.

నాంచారి చాలాసేపు ఏడ్చింది. క్షమించానని అనలేదు, తల్లి వెంట వెళ్లనూ లేదు. "ఊఁ" అన్నది. ఆనాటితో ఆ బెదురు తీరింది.

నేటికీ అయినవారు వదిలేయగా మిగిలినవారు ఈ గుహ ముందు నిలబడి, వెళ్లిపోయినవారిని అమ్మా, అన్నా అని వరుస పెట్టి పిలుస్తారు. కాపరి వంశపు ఆడపడుచు లోపల కూర్చుని ఊకొడుతుంది. పోయినవారు తిరిగివస్తారని మేము చెప్పము. పిలిచిన గొంతుకు పలుకు దొరుకుతుంది, గుండె కుదుటపడుతుంది.

అయినవారిని వదిలేసినవారూ వస్తారు. వారు టెంకాయ కొట్టనక్కరలేదు, చేసినది చెబితే చాలు. చెప్పినదానిలో సాకు కలిస్తే లోపలి నుంచి పలుకు రాదు. ఆ పలుకు కోసం కొందరు సాయంత్రం చివరి బస్సు దాకా కూర్చుంటారు.