కోదండపాణి ఇవ్వని డబ్బా

ఆఫ్రికాలోని ఒక కొండ అడవిలో కోదండపాణి అనే శాస్త్రవేత్త ఉండేవాడు; లోకంలో ఎవరికైనా రోగం రావచ్చు గానీ తనకు మాత్రం రాదని అతని నమ్మకం. రోజూ గొరిల్లాల వెనకే తిరిగి, వాటి మలం డబ్బాల్లో తెచ్చి, అందులో పురుగుల గుడ్లు వెతకడం అతని పని. ఆ పనికి ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ గొరిల్లాల గుంపులో ఒక పసికూనంటే అతనికి ప్రాణం. దానికి చిట్టి అని పేరు పెట్టుకున్నాడు.

అక్కడి పరిశోధన శిబిరానికి పెద్ద, ఒంగోలు నుంచి వచ్చిన పశువైద్యురాలు మార్తమ్మ. మనుషుల కడుపులోని పురుగులు మట్టి ద్వారా గొరిల్లాలకూ అంటుకుంటాయి. అందుకే అడవిలోకి వెళ్ళేవాళ్ళు ముందు తమ మలం పరీక్షకు ఇవ్వాలనీ, అడవిలో అవసరం వస్తే లోతుగా గొయ్యి తీసి పూడ్చాలనీ ఆవిడ నియమం పెట్టింది.

"ఏమయ్యా, అందరివీ వచ్చాయి. నీ డబ్బా ఏదీ?" అని ఆవిడ అడిగింది.

"నాకేం రోగం మేడం! గుండ్రాయిలా ఉన్నాను."

"గొరిల్లాది మోసుకొస్తావు, నీది ఇవ్వడానికి నామోషీనా?"

"రేపిస్తాను లెండి," అని నవ్వేశాడు. ఆ రేపు రానేలేదు, ఆవిడా పనుల్లో పడి మరిచిపోయింది. గొయ్యి సంగతీ అంతే. పురుగులున్నవాళ్ళు తవ్వుకుంటారులే అనుకుని, పొద చాటున పని కానిచ్చి వచ్చేసేవాడు.

వానలు వెలిసేసరికి చిట్టి చిక్కిపోయింది. తల్లి వీపు మీంచి దిగడం లేదు. దాని మలంలో కుప్పలుగా, పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. పెద్ద ప్రయోగశాలకు పంపితే, అవి మనుషుల కడుపులో ఉండే రకమని తేలింది.

మార్తమ్మ అతని ముందు ఖాళీ డబ్బా పెట్టింది. ఈసారి ఇచ్చాడు. తనే సూక్ష్మదర్శినిలో చూసుకున్నాడు. అవే గుడ్లు.

"చిట్టికి మందు వేద్దాం మేడం," అన్నాడు.

"ఇంకెక్కడి మందయ్యా! తల్లి పాలే మింగలేకపోతోంది," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

ఒక్క మాత్రతో కోదండపాణి బాగుపడ్డాడు. చిట్టి చచ్చిపోయింది. బిడ్డ చచ్చిందని తెలియని తల్లి దాన్ని చంకనేసుకునే తిరిగింది. వెనకాల దూరంగా, భుజాన పార పెట్టుకుని కోదండపాణి నడిచేవాడు. ఆ తర్వాత గొయ్యి తీయడానికి పార లేకుండా అతను ఏనాడూ అడవిలోకి వెళ్ళలేదు. కానీ అప్పటికి చేతులు కాలిపోయాయి.

నీతి: నియమం అందరికీ గానీ నాకు కాదనుకునేవాడి తప్పుకు, శిక్ష పడేది ఏ తప్పూ చేయనివాళ్ళకే.