కల్హార సరిచేసిన నేల

పరాంకుశం మాస్టారు భవన నిర్మాణం నేర్పే గురువు. ఏటా శిష్యులను పరదేశం తీసుకెళ్లేవారు గానీ, ఊరంతా తిప్పి చూపించే అలవాటు ఆయనకు లేదు. ఒక్కొక్కరినీ ఒక్కో కట్టడం ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయమనేవారు. విమానం ఎక్కకముందే అందరి రబ్బర్లూ లాగేసుకునేవారు. పాస్‌పోర్టు మరిచిపోయినవాణ్ణయినా క్షమిస్తారేమో గానీ, రబ్బరు దాచుకున్నవాణ్ణి మాత్రం క్షమించేవారు కారు.

ఆ ఏడు ఇటలీలో ఒక కొండమీది ఊరికి వెళ్లారు. టౌన్‌హాలు ఎదురుగా బండలు పరిచిన పెద్ద ఆవరణ ఉంది. అక్కడ కాకినాడ పిల్ల కల్హార రెండు కాగితాలు ఒళ్లో పెట్టుకుని దిగాలుగా కూర్చుంది. క్లాసులో ఆమె గీతలు వంకరని అందరూ ఆటపట్టించేవారు. ఈ ఒక్క బొమ్మా కుదరకపోతే ఇక చేత్తో గీయడమే మానేసి, అంతా కంప్యూటరుకే వదిలేస్తానని ఒట్టు పెట్టుకుని వచ్చింది. మొదటి కాగితం మీద గోడలు నిటారుగానే వచ్చాయి. వాటి అడుగున నేల గీత మాత్రం ఎడమవైపుకి జారిపోయింది. ఆ పిల్ల ప్రాణం ఉసూరుమంది. రెండో కాగితం తీసి, అట్ట అంచు ఆనించి, నేలను తిన్నగా గీసేసింది. అలా గీస్తే గుమ్మానికి ఎడమపక్కనున్న మెట్లలో రెండు ఇమడలేదు. పోనీలే అని వాటిని వదిలేసింది. బొమ్మ మాత్రం అచ్చు పుస్తకంలోదానిలా కుదిరింది.

అంతలో మాస్టారు వచ్చారు. ఆమె రెండూ చూపించి, "మాస్టారూ, నా చెయ్యి ఒకలా గీస్తోంది, బుర్రేమో అలా ఉండదంటోంది. దేని మాట వినాలండీ? అసలు నాకీ విద్య అబ్బుతుందంటారా?" అని అడిగింది.

మాస్టారు సంచిలోంచి నారింజపండు తీసి, "తిను," అంటూ బండమీద పెట్టారు. చేతికివ్వొచ్చు, ఇవ్వలేదు. పండు కాస్త తటపటాయించి, కదిలింది.

"అయ్యో, పట్టుకో అమ్మాయ్!"

కల్హార లేచి పరుగెత్తింది. పండు ఆగితేనా! ఎడమవైపుకే దొర్లుతూ, పావురాలను చెదరగొట్టి, టౌన్‌హాలు మూల దాటి, నీళ్లు పోయే తూము దగ్గర ఆగింది. అక్కడ బెంచీమీద కూర్చున్న ముసలమ్మలు పగలబడి నవ్వారు. వాళ్లకది కొత్త కాదు కాబోలు. వెళ్లేటప్పుడు కల్హార కాళ్లు వాటంతటవే ఉరికాయి, పండు పట్టుకుని తిరిగొచ్చేటప్పుడు పిక్కలు లాగాయి. సగం దారిలో నిలబడి టౌన్‌హాలు వైపు చూసింది. తను వదిలేసిన మెట్లు రెండూ అక్కడే ఉన్నాయి. వాటి పక్కనుంచి నేల తన దారిన తాను హాయిగా దిగిపోతోంది.

ఆమెకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. సిగ్గుకంటే సంతోషమే ఎక్కువ. వచ్చి కూర్చుని, ముచ్చటగా ఉన్న కాగితాన్ని అడుక్కి తోసి, వంకరదాన్ని పైకి తీసింది.

"అయితే ఇదే కరెక్టాండీ?"

మాస్టారు కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. నారింజ ఒలిచి సగం ఆమె చేతిలో పెట్టారు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు.

"నన్నడిగితే ఎలా? నేనింకా ఇక్కడ గీయలేదుగా. కాస్త జరుగు," అన్నారు.