రణపాల ఆకు అంచున పిల్లలు

ఒకప్పుడు రణపాల ఆకు తమలపాకులా పల్చగా ఉండేది. దాని అంచు నున్నగా, ఎక్కడా ఒక్క నొక్కు లేకుండా ఉండేది. పువ్వు పూసేది కాదు, గింజ కాసేది కాదు. లోకం మొత్తానికి రణపాల మొక్క ఒకే ఒక్కటి.

ఒక్కదాన్నే ఉన్నానని దానికి దిగులేమీ లేదు. పైపెచ్చు గర్వం. "నాలాంటిది ఇంకోటి ఉందేటి? ఉంటే సూపించండి సూద్దాం!" అని గాలి వచ్చినప్పుడల్లా తల ఎగరేసేది.

ఆ మొక్క సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, చిన్నాలు అనే పిల్ల వాళ్ళ అమ్మమ్మ పెరట్లో ఉండేది. అక్కడ ఏడాది పొడుగునా ఎండే. ఎవరికి కాలు తెగినా, చెయ్యి కాలినా పరుగెత్తుకొచ్చి ఒక ఆకు పట్టుకెళ్ళేవాళ్ళు. ఆకుని సెగకి చూపించి కట్టు కట్టుకుంటే ఆ ఊరివాళ్ళకి సగం నొప్పి అక్కడే పోయేది.

ఇక చిన్నాలు సంగతి. ఎవరు ఎదురైనా ఆమె నోట వచ్చే మొదటి మాట "తిన్నావేటి?" తిన్నానంటే, "ఏటి తిన్నావు?" అనేది. కడుపు నిండిందంటే చచ్చినా నమ్మేది కాదు. ఆమె పెంచిన పిల్లి నడవలేక దొర్లుకుంటూ పోయేది. ఆమె పెరట్లో వాలిన కాకి మళ్ళీ ఎగరాలంటే మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే!

వైశాఖంలో చిన్నాలుకి పెళ్ళయింది. పెళ్ళికొడుకు దాలయ్యది కొండమీది ఊరు. బయల్దేరేటప్పుడు అమ్మమ్మ రణపాల మొక్కని ఒక కుండలో పెట్టి ఆమె చంకకెత్తింది.

"నాను ముసిల్దాన్నయిపోనాను. ఇంక దీని బాగోగులు నువ్వే సూడాల. లోకంలో ఇదొక్కటేనే. జాగర్త!"

"నా సేతిలో పడ్డాక ఆకలితో సచ్చిన పేణం ఉందేటే అమ్మమ్మా?" అంది చిన్నాలు.

ఆ మాట నిజమే. ఆకలితో ఏదీ చావలేదు.

కొండమీద మొక్కకి బాగానే సాగింది. వానాకాలం అంతా అరుగు మీద కూచుని కొండల్ని చూసింది. కోతల్లో కొడవలి తగిలినవాళ్ళు, పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నవాళ్ళు వచ్చి ఆకు అడిగేవాళ్ళు. ఆకు తీసుకున్నవాళ్ళు చిన్నాలు పెట్టింది తినకుండా మాత్రం వెళ్ళలేకపోయేవాళ్ళు. చిన్నాలు మొక్కని "గుంటా" అని పిలిచేది. అటువైపు ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారు.

దీపావళి వెళ్ళింది. చలి కొండెక్కింది.

ఆ రోజుల్లో చలి ఒక ముసలమ్మ. తెల్లటి మంచు దుప్పటి భుజాన వేసుకుని, కర్ర పొడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చేది. ఆమె నోట్లో మిగిలినవి రెండే రెండు పళ్ళు. ఆమె కర్ర చప్పుడు వినగానే ఊళ్ళో తలుపులన్నీ టకటకా మూసుకునేవి.

చిన్నాలుకి చలి అంటే ఏమిటో తెలీదు. సముద్రం ఒడ్డుకి చలి ఎప్పుడూ రాలేదు మరి. తెల్లారి లేచి చూసేసరికి అరుగు మీద మొక్క గజగజలాడుతోంది. ఆకుల అంచులు అక్కడక్కడ కొరికేసి ఉన్నాయి. కొరికిన చోటల్లా ఎర్రబడింది.

"నన్నెవరో ముసిల్ది కొరికేసిందే!" అని ఏడ్చింది మొక్క.

చిన్నాలు ఆ కుండని గభాలున లోపలికి తెచ్చి, పొయ్యికి నాలుగడుగుల దూరంలో పెట్టి తలుపు బిగించింది. లోపలి వెచ్చదనానికి మొక్క కుదుటపడింది. ఆవులించింది కూడా.

"సిన్నాలూ, నాకు నిద్దరొస్తంది. ఈ ముసిల్ది కొండ దిగేదాకా తొంగుంటాను. నాకేటీ పెట్టకు."

"ఏటీ తినకుండా తొంగుంటావేటి? నానుండగానే?"

పొద్దున్నే చెంబెడు నీళ్ళు. మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్ళు. సాయంత్రం చోళ్ళతో, అంటే రాగులతో కాచిన పల్చటి అంబలి. మొక్క కునికిపాట్లు పడుతుంటే చిన్నాలు పక్కన కూచుని తట్టి లేపేది. "ఒక్క ముద్దే గుంటా! ఇది అమ్మమ్మ ముద్ద. ఇది దాలయ్య ముద్ద. ఇది సందమామ ముద్ద. ఇదొక్కటీ తాగేసి తొంగో!" మొక్క కళ్ళు మూసుకునే తాగేది. పెట్టే చేతిని కాదనలేకపోయింది.

"అది నిద్దరోతంది కదే," అన్నాడు దాలయ్య దుప్పట్లోంచి.

"నువ్వు తిను మావా, సల్లారిపోద్ది," అంది చిన్నాలు.

దాలయ్య తిన్నాడు. ఆ ఇంట్లో ఇంకో దారి లేదు.

నాలుగు రోజులకి ఆకులు బూరెల్లా ఉబ్బాయి. చిన్నాలు మురిసిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళని పిలిచి, "సూసినారా నా గుంట ఎలా పుంజుకుందో!" అని చూపించింది. వాళ్ళకి కూడా అంబలి పోసింది.

పదో రోజు పొద్దున ఒక ఆకు రాలింది. మర్నాడు మూడు రాలాయి. కాండం మొదలు నల్లబడింది. ముట్టుకుంటే మెత్తగా నలిగిపోయింది. ఇంకో రెండు రోజులకి మొక్క మొత్తం పక్కకి ఒరిగిపోయింది. ఒక్క ఆకు తప్ప అన్నీ పోయాయి.

ఊరివాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. ఇక కాలు తెగితే ఎవరింటికి పరుగెత్తాలో ఎవరికీ తోచలేదు. చిన్నాలుకైతే అమ్మమ్మ మాటే చెవుల్లో తిరుగుతోంది. లోకంలో ఇదొక్కటేనే!

"ఆ సలి ముసిల్దే సంపేసింది," అంది చిన్నాలు. చీపురు తీసుకుంది. దాలయ్య వద్దు వద్దంటున్నా వినకుండా ఊరి చివరికి నడిచింది.

చలి ముసలమ్మ ఊరి చివర ఒక బండ మీద కూచుని ఉంది. చుట్టూ గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుపోయింది.

"ఏటే ముసిలీ! నా గుంటని సంపేసినావు కదే!" అని చీపురు ఎత్తింది చిన్నాలు.

ముసలమ్మ తల కూడా తిప్పలేదు. "రెండు పళ్ళున్నదాన్ని, నాను సంపగలనేటే? అంచులు కొరికిన మాట నిజం. ఆకలేసి కొరికినాను. కొండంతా తిరుగుతాను. ఏ ఇంటికెల్లినా నా మొకం మీదే తలుపేసేస్తారు. తిన్నావా అని ఒక్కరైనా అడిగినారేటి?"

చిన్నాలు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కోపం కోపంగానే ఉంది. కానీ నోరు ఊరుకోలేదు.

"అయితే ఏటీ తిన్నేదేటి నువ్వు?"

"పుట్టినకాణ్ణించీ నేదు."

చీపురు కింద పడింది. చిన్నాలు ముసలమ్మ చెయ్యి పట్టుకుని బరబరా ఇంటికి లాక్కొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంది. అయినా వదల్లేదు. ఇంట్లోకి అడుగు పెట్టగానే దాలయ్య ఉన్న దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పుకున్నాడు.

ముసలమ్మ వేడి వేడి అంబలి ఏడు గిన్నెలు తాగింది. ఎనిమిదో గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టింది. చిన్నాలు వినలేదు, పోసింది. ముసలమ్మ అదీ తాగి మూతి తుడుచుకుంది.

"నీ కూడు తిన్నాను. నిజం సెప్తాను. ఆ కుండ ఇలా తిరగెయ్యి."

చిన్నాలు కుండ బోర్లించింది. బురద జారి పడింది. కుళ్ళు వాసన ముక్కు బద్దలు కొట్టింది. వేళ్ళన్నీ నల్లగా ముద్దైపోయి ఉన్నాయి. కుండ అడుగున చిల్లు కూడా లేదు. పోసిన నీళ్ళు పోసినట్టే లోపల ఉండిపోయాయి.

"ఎండదేశం మొక్కకి నానొచ్చినప్పుడు నిద్దరొస్తాది," అంది ముసలమ్మ. "నిద్దట్లో దానికి దాహం ఉండదు. మన్ను బాగా ఎండినాక ఎప్పుడో ఓ గుక్క సాలు. నువ్వు నిద్దరోయినదాన్ని లేపి లేపి పీకల దాకా పోసినావు. నాను అంచులు కొరికినాను, కాళ్ళు కుళ్ళబెట్టింది నువ్వే."

చిన్నాలు నేల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తన చెయ్యి అన్నం పెట్టే చెయ్యి అనుకుంది. ఆ చెయ్యే ఇంత పని చేసింది. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. దాలయ్య దుప్పట్లోంచి బయటికి వచ్చి పక్కన కూచున్నాడు.

అప్పుడు బురదలోంచి సన్నటి గొంతు వినబడింది. "సిన్నాలూ, నానింకా ఉన్నానే."

మిగిలిన ఆ ఒక్క ఆకే మాట్లాడుతోంది!

చిన్నాలు ఒక్క గెంతు గెంతి నీళ్ళ కడవ అందుకుంది. ముసలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"మళ్ళీనా!"

"మరి ఏటి సెయ్యాల?"

"ఏటీ సెయ్యకు."

"ఏటీ సెయ్యకుండా ఉండడం ఎలాగే?" అంది చిన్నాలు. ఎగతాళికి అనలేదు. ఆమెకి నిజంగానే తెలీదు.

ముసలమ్మ ఆకుని తుడిచి గోడ గూట్లో పెట్టించింది. పొద్దుటి ఎండ కాసేపు పడే గూడు అది. పొయ్యి వెచ్చదనం తగులుతుంది, గాలి తగలదు. "నాను కొండ దిగేదాకా ఒక్క సుక్క పోసినావా, ఇది కూడా పోద్ది," అని చెప్పి వెళ్ళింది.

చిన్నాలు బతుకులో అంత కష్టమైన పని ఎప్పుడూ చెయ్యలేదు. చేతులు దురద పెట్టేవి. గూటి ముందు నుంచి నడిస్తే కాళ్ళు ఆగిపోయేవి. ఆ ఉబలాటమంతా ఊరి మీద తీర్చుకుంది. రోజూ పొద్దున ముసలమ్మని పిలిచి కడుపునిండా పెట్టింది. ముసలమ్మ ఆ ఏడు ఇంకెవరి మొక్కా కొరకలేదు. దాలయ్యకి మాత్రం చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

ఒక రోజు చూస్తే ఆకు కొంచెం ముడత పడినట్టుంది. చిన్నాలు ఇక తట్టుకోలేకపోయింది. అటూ ఇటూ చూసింది. వేలు నీళ్ళలో ముంచి, ఒకే ఒక్క చుక్క పట్టుకుని గూటి దగ్గరికి వచ్చింది.

"వొద్దు సిన్నాలూ," అంది ఆకు.

"ఎండిపోతన్నావే గుంటా!"

"ఎండిపోడం కాదే. నువ్వు పెట్టిందే తింటన్నాను. అమ్మమ్మ ముద్ద, దాలయ్య ముద్ద, సందమామ ముద్ద. వేళ్ళు కుళ్ళకముందు తాగినదంతా ఈ ఆకులో దాసుకున్నాను. నా కాళ్ళు పోయినాయి గానీ నీ కూడు పోనేదు."

చిన్నాలు వేలి మీది చుక్కని కొంగుకి తుడిచేసుకుంది. గూటి కింద గోడకి ఆనుకుని చాలాసేపు కూచుంది. ఆ రోజు తనకి కూడా కడుపు నిండినట్టే అనిపించింది.

సంక్రాంతి దాటింది. ఒక పొద్దున ముసలమ్మ కొండ దిగేముందు చెప్పి పోదామని వచ్చింది. చిన్నాలు గూట్లోంచి ఆకుని తీసి చూసి కెవ్వుమంది.

ఆకు అంచున, ముసలమ్మ కొరికిన నొక్కుల్లో, ఆకుపచ్చటి మొటిమల్లా ఏవో లేచాయి. దగ్గరగా చూస్తే ఒక్కొక్క దానికి రెండేసి చిట్టి ఆకులు. కింద దారప్పోగుల్లా తెల్లటి వేళ్ళు. నొక్కు నొక్కుకీ ఒక పిల్ల!

ముసలమ్మ నోరు వెళ్ళబెట్టింది. రెండు పళ్ళూ కనబడ్డాయి. "నాను కొరికితే పుండవుద్ది గానీ పిల్లలెక్కడివే?"

"నాలాంటిది నానొక్కదాన్నే అని మిడిసిపడ్డాను," అంది ఆకు. "ఒక్కదాన్నే ఉంటే ఏటవుద్దో కాళ్ళు పోయినాక తెలిసింది. అప్పుడు నాలో ఉన్న పిల్లల్ని బయటికి రమ్మన్నాను. అంచు నున్నగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి దారి నేదు. నువ్వు కొరికిన సోట వాకిళ్ళు తెరుసుకున్నాయి."

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. తలుపులు మూయించుకోవడమే తప్ప, వాకిలి తెరిచావని ఆమెతో ఎవరూ అనలేదు.

"నువ్వు మళ్ళీ రా. నీకోసం పూస్తాను," అంది ఆకు. "నిద్దట్లోనే పూస్తాననుకో. తల వాలిపోతే ఏటీ అనుకోకు."

ముసలమ్మ నవ్వుకుంటూ కొండ దిగింది. చిన్నాలు ఆమెకి దారిలో తినడానికి మూట కట్టింది.

తర్వాత చిన్నాలు చిన్న చిన్న కుండలు తెచ్చి అడుగున చిల్లులు పొడిచింది. ఇసక కలిపిన మన్ను నింపి, తెల్ల వేళ్ళు మన్నుకి తగిలేలా ఒక్కో పిల్లనీ ఒక్కో కుండలో కూచోబెట్టింది. మొదటి కుండ సముద్రం ఒడ్డుకి, అమ్మమ్మకి పంపింది. మిగతావి ఊళ్ళో ఇంటికొకటి ఇచ్చింది. ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ నడుం మీద చెయ్యి పెట్టి ఒకే మాట చెప్పింది: "సలికాలం ఇది తొంగుంటాది. లేపి నీళ్ళు పోసినారంటే నాను ఊరుకోను, ఆఁ! ఇంతకీ మీరు తిన్నారేటి?"

అప్పటినుంచే రణపాల ఆకు బొద్దుగా ఉంటుంది. దాని అంచు చుట్టూ చిన్న పన్ను కొరికినట్టు నొక్కులుంటాయి. చలి ముసలమ్మ కొండెక్కిన కాలంలోనే అది పూస్తుంది. ఆ పువ్వులు కునికిపాట్లు పడుతున్నట్టు తలలు కిందికి వాల్చి వేలాడతాయి. ఒక్క ఆకు తెంపి గూట్లో పెట్టినా, బడి పుస్తకంలో దాచిపెట్టి మర్చిపోయినా, మన్ను లేకుండా, చుక్క నీళ్ళు లేకుండా దాని అంచున పిల్లలు లేస్తారు. ఎవరూ ఏమీ పెట్టకుండా అది ఎలా బతుకుతోందా అని ఆశ్చర్యపోకండి. చిన్నాలు తినిపించిన ముద్ద దానికి ఇంకా అరగలేదు.