పథ్యం తప్పనివాడు

గుంతలు తవ్వీ తవ్వీ కాటికాపరి పైడయ్యకు నడుం పడిపోయింది. ముసలితనం రాకుండా మందు చేసినవాడికి ఒక ఊరే ఇనాంగా ఇస్తానని రాజుగారు అన్నారు. ఆ ఆశతో రాజవైద్యుడు భీమశంకరుడు తన మందును ముందు పేదవాడలో జనానికి పోసి చూస్తున్నాడు. ఎవరు పోయినా ఆయనది ఒకటే మాట. "మందు దివ్యమైనది. వీడే పథ్యం తప్పాడు."

పదకొండో శవాన్ని పూడ్చి, పన్నెండో గుంత కూడా ముందే తవ్విపెట్టి, పైడయ్య కొలువుకు వెళ్లాడు. అక్కడ వైద్యుడు మందుగిన్నెను రాజుగారి చేతికి అందిస్తున్నాడు.

"తొందరపడకండి మహాప్రభో," అన్నాడు పైడయ్య నీరసంగా. "మావాళ్లు దొరికిందల్లా తిని పథ్యం తప్పారట. తమరికా, రోజుకో విందు. ఈ రాజ్యంలో పథ్యం తప్పనిది వైద్యులవారొక్కరే. మొదటి గుక్క ఆయన్నే తాగమనండి."

రాజు గిన్నెను వైద్యుడి ముందుకు చాపాడు. వైద్యుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవాళ నాకు ఏకాదశి ఉపవాసం, ప్రభూ."

"అయితే రేపు ద్వాదశి పారణకు మా కళ్లెదుటే తాగండి," అన్నాడు రాజు.

తెల్లవారేసరికి వైద్యుడు ఊళ్లో లేడు. పైడయ్య వెళ్లి పన్నెండో గుంతను పూడ్చేశాడు. ఖాళీ గుంతను పూడ్చడం అతనికి అదే మొదటిసారి. మట్టి మాత్రం ఎప్పటిలాగే బరువుగా ఉంది.