మసి పూసిన తాటాకులు

అనగనగనగా ఏటిగట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు పేరిందేవి, చిన్నకోడలు నాంచారి. ఒరేయ్ గోవిందూ, కాళ్ళాడించకు, చెల్లి మీద దుప్పటి లాగేస్తున్నావు. ఊ కొట్టండి మరి, మీరు ఊ కొట్టకపోతే నా కథ నడవదు.

పేరిందేవి వంట చేసిందంటే నాలుగిళ్ళ అవతలికి ఘుమఘుమలు పోయేవి. ఆవిడ పెట్టిన గుమ్మడికాయ పులుసు తిని అత్తగారు వేళ్ళు నాక్కునేది, మా పెద్దకోడలి చేతిలో ఏముందోనమ్మా అని వీధంతా చెప్పుకునేది. ఆ మాట కోసమే పేరిందేవి పొద్దస్తమానం పొయ్యి దగ్గర మాడేది. ఆ ఇంట్లో తనకున్నదల్లా ఆ ఒక్క మెప్పే.

అంతలో నాంచారి కాపురానికొచ్చింది. సారె ఏం తెచ్చిందనుకున్నారు? పట్టుచీరలు కాదు, ఇత్తడి బిందెలు కాదు, మూటెడు పుస్తకాలు. అప్పుడు కాగితాలెక్కడివి, తాటాకు మీద ఇనప గంటంతో గీకి రాసేవాళ్ళు. ఆ పిల్లకి పుస్తకమంటే ప్రాణం. కూర తరుగుతూ చదివేది, జడ వేసుకుంటూ చదివేది, దొడ్లో దూడకి కూడా చదివి వినిపించేది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని గొంతెత్తి చదివిందంటే, పాలావిడ వచ్చి పాలు పొయ్యడం మరిచేది. చాకలి వచ్చి మూట మరిచేవాడు. పేరిందేవి మొగుడొచ్చి ఆకలి మరిచేవాడు. అత్తగారొచ్చి పెద్దకోడలినే మరిచిపోయింది.

ఒకనాడు పేరిందేవి ఆశకొద్దీ పులుసెలా ఉందత్తయ్యా అని అడిగింది. ఏ పులుసే, నాంచారి కథలో ఆ రాకుమారుడు అడవిలోంచి బయటపడ్డాడో లేదో అనుకుంటూ తిన్నాను అందిట అత్తగారు. పేరిందేవికి ఒళ్ళు భగ్గుమంది. మీకైతే మండదూ? తర్వాత ఆవిడ చేసింది తప్పే, కాదనను. కానీ నాకెందుకో పేరిందేవి మీదే జాలి.

ఊ కొడుతున్నారా? ఆ.

నాంచారి మూటలో ఒక పాత పుస్తకం ఉండేది, వాళ్ళ నాయనమ్మ రాసిందిట. అక్షరాలు వెలిసిపోయి ఆకులన్నీ బోసిగా ఉండేవి. చదవలేక, పారెయ్యలేక, ఆ పిల్ల రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరేది. పేరిందేవి అది కనిపెట్టింది. దీని ప్రాణం ఇందులోనే ఉంది, దీన్నే పాడుచేస్తాననుకుంది. నాంచారి ఏటికి నీళ్ళకెళ్ళిన వేళ చూసి, బాణలి అడుగున మసి గీకింది, ఆముదంలో రంగరించింది, ఒక్కొక్క ఆకూ తీసి రెండు పక్కలా పట్టించింది. ఈ ఆకు నా పులుసు మరిచినందుకు, ఈ ఆకు నా పేరు మరిచినందుకు, ఈ ఆకు నా మొగుడు నీ చదువు విన్నందుకు, అనుకుంటూ పూసింది.

ఇంతలో వాకిట్లో బిందె దించిన చప్పుడు. మసి కారుతుంటే దొరికిపోతానని కొంగుతో గబగబా తుడిచేసింది. తుడిస్తే ఏముంది, ఆకునిండా నల్లచీమల బారులు. చదువురాని మనిషి పాపం, ఇంకా బాగా పాడైందని సంబరపడింది.

నాంచారి వచ్చింది, చూసింది, చతికిలబడింది. కళ్ళవెంట నీళ్ళు. పేరిందేవి కడుపు చల్లబడింది. ఎంతసేపు? ఆ పిల్ల ఏడుస్తూనే చదవడం మొదలుపెట్టింది. గంటంతో గీకిన గీతల్లోకి మసి దిగితేనే కదర్రా అక్షరం కనిపించేది. ఆ సంగతి నాంచారికి తెలుసు. తెలిసీ, పాత ఆకులు పెళుక్కున విరిగిపోతాయని భయపడి ఎన్నేళ్ళుగానో పూయలేదు. అప్పడాలొత్తే పేరిందేవి చేతిలో ఒక్క ఆకూ విరగలేదు.

నాయనమ్మ ఏం రాసిందో తెలుసా? పంతులుగారు అన్నలచేత ఇసుకలో అక్షరాలు దిద్దిస్తుంటే, తనకెవరూ చెప్పట్లేదని ఉడికిపోయిందిట. కుళ్ళుకుని ఒకనాడు అన్న గంటం దాచేసిందిట. తర్వాత సిగ్గేసి తిరిగిచ్చేసి, తలుపు చాటున పిండి జల్లిస్తూ, ఆ పిండిలోనే వేలితో దిద్దుకుందిట. మొదటి మాట చదవగలిగిన రోజు సంతోషంతో అన్నం సయించలేదుట. ఇప్పుడు మంచం పట్టినా, పక్కలో పుస్తకం లేనిదే నిద్ర పట్టదని రాసుకుంది.

అందరూ చుట్టూ చేరారు. పేరిందేవి చేతులకీ కొంగుకీ అంటిన మసి చూసి, తోడికోడలి పుస్తకం బతికించింది, మా పెద్దకోడలిది ఎంత మంచి మనసో అని అత్తగారు పొంగిపోయింది. ఎన్నాళ్ళకో వచ్చిన మెప్పు. నోరు మూసుకుంటే దక్కేదే. కానీ నాయనమ్మ గంటం దాచిన మాట విన్నాక పేరిందేవి ఆ మెప్పు తీసుకోలేకపోయింది.

“బతికిద్దామని పూయలేదే నాంచారీ, పాడుచేద్దామని పూశాను” అంది. “నిన్నందరూ మెచ్చుకుంటున్నారని నా ఏడుపనుకున్నాను. కాదే. ఆ ఆకుల్లో నీకేదో కనిపిస్తోంది, నాకు కనిపించట్లేదు. అదీ నా ఏడుపు.”

నాంచారి తిట్టలేదు, అలగలేదు. వంటింట్లోకి వెళ్ళి చాటలో బియ్యప్పిండి పోసుకొచ్చింది. మసి అంటిన ఆ చెయ్యి పట్టుకుని, చూపుడువేలు పిండిలో ఆనించి, అక్కచేత ‘అ’ దిద్దించింది.

ఏడాది తిరిగేసరికి, కొత్త పుస్తకం ఇంటికొస్తే నేను ముందంటే నేను ముందని ఇద్దరూ కీచులాడుకునేవారుట. కూర అడుగంటిన రోజున ఆ ఇంట్లో ఎవరూ సణుక్కునేవారు కాదు. ఏ కథ దగ్గర అంటిందో చెప్పమని మాత్రం అడిగేవారు. అందరూ చల్లగా ఉన్నారు.

అందుకనే చెబుతున్నా వినండి. ఎవరి చేతిలోనైనా ఏదైనా చూసి కుళ్ళు పుడితే, దాన్ని లాక్కోకండి, పాడుచెయ్యకండి. నాకు రాదు, నాకూ నేర్పమని అడగండి. పేరిందేవి అంత వయసొచ్చాక నేర్చుకుంది, మీకేం సిగ్గు?

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం.